తేలు సోడా

సోడా ముందా, ఐస్‌క్రీమ్ ముందా?

మా కౌంటర్లో పనికి చేరిన ప్రతివాళ్ళూ మొదటి పూటే ఈ ప్రశ్న వేస్తారు. "ముందు గ్లాసు" అంటాను నేను. వేళాకోళం చేస్తున్నానని అనుకుంటారు. కాదు. గ్లాసు వెచ్చగా ఉంటే సోడా పొంగి బల్ల పాలవుతుంది, ఐస్‌క్రీమ్ కరిగి అడుగు పాలవుతుంది, తాగేవాడికి మిగిలేది తీపి నీళ్ళు. కాబట్టి ముందు గ్లాసును మంచులో పెట్టి చల్లబరచాలి. మిగతా పురాణమంతా ఆ తరవాతే.

బర్మాలో, యాంగోన్ నగరంలో నది పక్కన లమ్మడా పేటలో, టోకు కొట్ల మధ్య ఇరుక్కున్న ఒక కూల్‌డ్రింక్ షాపులో నా ఉద్యోగమంతా గడిచింది. ఐస్‌క్రీమ్ సోడా ఫ్లోట్లు చేయడం నా పని. పొడుగు గ్లాసు, అందులో రంగు సోడా, దాని మీద తెల్లటి ఐస్‌క్రీమ్ ముద్ద, ఒక పొడుగు చెంచా, స్ట్రా. చూడటానికి ఇంతే. నేర్చుకోవడానికి నాకు ఒక వయసు పట్టింది.

ఇంట్లో నా పేరు నీలవేణి. కౌంటర్లో 'మా నీలా'గా చేరి 'డా నీలా'గా దిగాను. ఇక్కడ చిన్న వయసు ఆడవాళ్ళను మా అనీ, పెద్దవాళ్ళను డా అనీ పిలుస్తారు. నాకు దక్కిన ప్రమోషన్ అదొక్కటే. అదీ జుట్టు నెరిసినందుకు వచ్చింది.

మోకాళ్ళు మొరాయించి ఇక పని మానేస్తానని చెప్పినప్పుడు, నాతోపాటే ఫ్లోట్ కౌంటర్ని కూడా ఎత్తేస్తానన్నాడు యజమాని. అదే జరిగితే నా దగ్గర పని నేర్చుకున్న గౌరి అనే అమ్మాయి ఉద్యోగం పోతుంది. ఆ సంగతి ఎలా తేలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మధ్యలో పాత కబుర్లు కొన్ని వస్తాయి, ఓర్చుకోండి. ఫ్లోట్ తాగేవాడికి ఓపిక ఉండకూడదు గానీ, ఫ్లోట్ గురించి చదివేవాడికి కాస్త ఉండాలి.

ఓడ దిగిన సోడా

షాపు పెట్టినవారు ఊ రాములు గారు. ఊ అంటే మన 'గారు' లాంటిదే. మర్యాద ఎక్కువ చేసి రెండూ తగిలించి పిలిచేవాళ్ళం. వయసులో ఉండగా ఆయన ఓడ వంటింట్లో పనిచేశారు. అమెరికాలో ఏదో రేవులో ఓడ ఆగినప్పుడు ఊళ్ళోకి వెళ్ళి, ఎత్తు స్టూళ్ళున్న ఒక దుకాణంలో ఈ పానీయం మొదటిసారి తాగారట. ఆ కథ మేము ఎన్నిసార్లు విన్నామో. ఆయన పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. మూతికి నురుగు అంటించుకుని, కాళ్ళు ఊపుకుంటూ తాగుతున్నాడు.

"అక్కడోలకి అది సిన్నప్పటి తాగుడే నీలా. ముసలోలు కూడా ఆ గ్లాసు ముందెడితే గుంటలైపోతారు. ఆల బాబులు సేతట్టుకుని తీసుకెల్లిన రోజులు గేపకమొస్తాయట" అనేవారు. గుంటలంటే మా యాసలో పిల్లలు.

మనకు అలాంటి చిన్నతనం ఎక్కడిది? ఓడెక్కి ఈ ఊరికి వలస వచ్చిన మన తెలుగు పెద్దవాళ్ళు రేవులో మూటలు మోశారు, లేకపోతే కొట్లలో బట్టలు కొలిచారు. స్టూలెక్కి కాళ్ళు ఊపుతూ సోడా తాగినవాళ్ళు మా వాళ్ళలో ఎవరూ లేరు. అయినా విచిత్రం చూడండి, మా షాపులో ఫ్లోట్ తాగే ముసలివాళ్ళందరూ ఏదో గుర్తొచ్చినట్టే మొహం పెట్టేవారు. లేని జ్ఞాపకాన్ని కూడా ఈ గ్లాసు తెచ్చిపెట్టగలదని నా నమ్మకం. దానికి నా దగ్గర రుజువు లేదు.

ఊ రాములు గారు నాకు పని నేర్పిన పద్ధతి ఇది. "సూడు. అడుగున పాకం. అందులో కూసింత ఐస్‌క్రీమ్ ఏసి మెదుపు. అప్పుడు సోడా, గ్లాసు వొంచి పొయ్యాల. ఆకర్న ముద్ద. ముద్ద మునిగిపోకూడదు, తేలాల."

"మునిగితే ఏటవుద్ది?" అన్నాను.

"మునిగితే పాలు. తేల్తే ప్లోటు."

నురుగు చచ్చిపోయిన గ్లాసును ఆయన కస్టమర్ దగ్గరికి పోనిచ్చేవారు కాదు. పారబోయనిచ్చేవారూ కాదు. తానే గటగటా తాగేసి, "ఇంకోటి సెయ్యి" అనేవారు. మేము పని నేర్చుకుంటున్నకొద్దీ ఆయన పొట్ట పెరిగింది. ఆలస్యం అమృతం విషం అన్న సామెత ఈ ఫ్లోట్ కోసమే పుట్టిందని నాకు అప్పుడు అర్థమైంది.

ఆయనకు ఒక్కటే తీరని కోరిక. అమెరికాలో తాగినది మామూలు సోడా కాదట, ఏదో చెట్టు వేరు వాసన వేసేదట. ఆ వాసన కోసం ఇక్కడ దొరికిన సీసాలన్నీ రుచి చూసి, "ఇది కాదు" అని పక్కన పెట్టేవారు. ఒకరోజు మా అమ్మ వేసవికాలం షర్బత్ కోసం సుగంధిపాల వేరు ఉడకబెడుతోంది. ఆయన ఏదో పని మీద మా గుమ్మంలోకి వచ్చి, అక్కడే ముక్కు ఎగబీలుస్తూ నిలబడిపోయారు. "ఇదే కదే! సముద్రాలు దాటెల్లి తాగినాను, మీ పొయ్యి మీదే ఉందా?" అన్నారు.

మర్నాడే సుగంధి పాకం మొదలైంది. మొదట తాగినవాళ్ళు తలనొప్పి మందులా ఉందన్నారు. పంచదార బదులు ఇక్కడి తాటిబెల్లం వేసి చూద్దామన్నాను. దానితో వాసన మెత్తబడింది, మందు పోయి మిఠాయి అయింది. సుగంధి ఫ్లోట్ మా షాపుకు పేరు తెచ్చింది. కొత్తగా చేరేవాళ్ళకు ఒక్క మాట చెబుతాను. పాకం రుచి చూడటానికి చెంచా కన్నా ముందు ముక్కు వాడండి.

పడవెక్కిన పాయసం

ఊ రాములు గారికి పెద్దతనం వచ్చాక పనులు వాళ్ళబ్బాయి శంకరం అందుకున్నాడు. మంచివాడు. నన్ను 'అప్పా' అని పిలుస్తాడు, అంటే అక్కా అని. అతనిలో ఒక్కటే లోపం. ఏ పనిలోనైనా మధ్య మెట్టు ఎగ్గొట్టాలని చూస్తాడు.

నది అవతల దలాలో మనవాళ్ళ ఇంట పెళ్ళి. అతిథులకు ఫ్లోట్లు కావాలని కబురు పంపారు. శంకరం లెక్క వేసుకుని, "అక్కడ కూకుని ఒక్కొక్కటీ చేస్తే ముహూర్తం దాటిపోద్ది అప్పా. ఇక్కడే కలిపీసి, మూతలెట్టి పట్టుకెల్పోదాం" అన్నాడు.

"బాబూ, ఫ్లోట్ పడవెక్కదు."

"తేలీది పడవెక్కితే ఏటవుద్ది? ఇంకా బాగా తేల్తాది!"

ఆ మాటకు నేను నవ్వేశాను. నవ్వాక వాదించడం కష్టం. ఎందుకైనా మంచిదని ఒక పెట్టెలో ఐస్‌క్రీమ్ విడిగా సర్ది, చుట్టూ మంచు, ఉప్పు, పైన ఊక వేసి వెంట తెచ్చాను. ఫెర్రీ మీద గాలి, అలలు. అవతల ఒడ్డున సైకిల్ రిక్షా, గతుకుల రోడ్డు. పందిట్లో మూతలు తీస్తే సోడా లేదు, ముద్ద లేదు, నురుగు లేదు. గ్లాసు నిండా లేత గులాబీ రంగు నీళ్ళు.

పెళ్ళికూతురి నాయనమ్మ ఒక గ్లాసు తీసుకుని నెమ్మదిగా తాగింది. మూతి తుడుచుకుని, "పాయసం బాగుంది బాబూ. సగ్గుబియ్యం మర్సిపోనారేటి?" అంది.

శంకరం మొహం చూడాలి అప్పుడు. నేను వెంటనే పెళ్ళివారి కుర్రాళ్ళను ఫెర్రీ రేవు దగ్గర ఉన్న టీ కొట్లకు పరిగెత్తించాను. ఏ రంగు సోడా దొరికితే ఆ రంగు తెమ్మన్నాను. ఆరెంజి, నిమ్మ, ఆకుపచ్చటిది ఒకటి, దాని పేరేమిటో ఇప్పటికీ తెలియదు. ఆ ఇంటి స్టీలు గ్లాసులనే మంచులో ముంచి, అతిథుల కళ్ళ ముందే చేయడం మొదలుపెట్టాను. పిల్లలు మా చుట్టూ మూగారు. నురుగు పైకి లేచినప్పుడల్లా కేకలు. సన్నాయి వాయించేవాళ్ళు కూడా వాయిద్యాలు దించి వచ్చి వరసలో నిలబడ్డారు. పంతులు గారు మంత్రాలు ఆపలేదు గానీ కళ్ళు మాత్రం మా వైపే ఉన్నాయి.

ఆ పెళ్ళి నాకు నేర్పింది ఇదే. ఫ్లోట్ అనేది వస్తువు కాదు, కళ్ళెదుట జరిగే పని. విడివిడిగా మోసుకెళ్ళండి, తాగేవాడి ముందు కలపండి. నురుగు లేవడం చూసిన మనిషి సగం అప్పుడే తాగేసినట్టు లెక్క.

మూల టేబుల్

లమ్మడా ఫ్లాట్లు ఎంత ఇరుకో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఒక గదిలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే మూడోవాడు మెట్ల మీదికి పోవాలి. అందుకే మనవాళ్ళ పెళ్ళిచూపులు చాలా వరకు మా షాపులో మూల టేబుల్ దగ్గరే జరిగేవి. ఆడపెళ్ళివారు అటు, మగపెళ్ళివారు ఇటు, మధ్యలో నా ఫ్లోట్లు.

చూసీ చూసీ నాకు కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి. గ్లాసు రాగానే చెంచాతో అంతా కలిపేసేవాడు తొందరగాడు. ముద్ద తినేసి సోడా వదిలేసేవాడు సుఖం ఒక్కటే కావాలనే రకం. మూతికి నురుగు అంటినా తెలియనివాణ్ణి ధైర్యంగా చేసుకోవచ్చు. ఇదేమీ శాస్త్రం కాదు, నా సొంత పైత్యం.

ఒకసారి ఊళ్ళోనే సంచౌంగ్ పేట నుంచి ఒక పెళ్ళికొడుకు వచ్చాడు. బిగుసుకుపోయి ఉన్నాడు పాపం. అమ్మాయి అతని వంక చూసిందో లేదో, సోడా గ్యాసు ముక్కులోకి ఎక్కి పెద్ద తుమ్ము తుమ్మాడు. నోట్లో ఉన్న ఐస్‌క్రీమ్ ఎగిరి వెళ్ళి కాబోయే అత్తగారి కళ్ళజోడు మీద పడింది. ముందు నవ్వింది అమ్మాయే, పగలబడి నవ్వింది. తల్లి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "కానీండి, అక్షింతలు ముందే పడిపోనాయి" అంది. ఆ సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది.

గ్లాసు బల్ల మీద పెట్టాక అక్కడ నిలబడకూడదు. ఇది నా గట్టి సలహా. వినాలని ఉన్నా సరే కౌంటర్ వెనక్కి వచ్చేయాలి. అక్కడినుంచి ఎలాగూ వినపడుతుంది.

ఇక కరెంటు. దాని గురించి రాయకపోతే ఈ ఊళ్ళో పనిచేసినట్టే కాదు. కరెంటు తిరిగి రాగానే వీధి వీధంతా "మీ లాబీ!" అని అరుస్తుంది. దీపం వచ్చిందని బర్మా మాట. విశాఖపట్నం నుంచి చూడవచ్చిన మా పినతండ్రి ఆ కేక విని, "మా లాబీ ఎక్కడుందే?" అని అడిగాడు. ఆయన వెతుకుతూ ఉండగానే కరెంటు మళ్ళీ పోయింది. పిల్లలూ, కరిగిపోయిన ఐస్‌క్రీమ్‌ను తిరిగి గడ్డ కట్టించి అమ్మకండి. నాలుకకు ఇసకలా తగులుతుంది. కస్టమర్ మిమ్మల్ని ఒక్క మాట అనడు. మళ్ళీ రాడు, అంతే.

నోరు లేని కౌంటర్

గౌరి సంగతికి వస్తాను. రేవు కూలీల కుటుంబం నుంచి వచ్చిన పిల్ల. డిగ్రీ మధ్యలో ఆపేసి పనిలో చేరింది. చెయ్యి మంచిది. గ్లాసు వంచే తీరు చూస్తే ఊ రాములు గారే గుర్తొచ్చేవారు. బర్మాలో గలగలా మాట్లాడుతుంది. తెలుగు ఎదురైతే మాత్రం తల ఊపడమే. మా ఫ్లోట్ తాగేవాళ్ళలో ఎక్కువమంది తెలుగు పెద్దవాళ్ళు. "ఏటమ్మా, మీ నాన్న కులాసాయేనా?" అంటే ఈ పిల్ల నవ్వి ఊరుకుంటుంది. పొగరనుకునేవారు వాళ్ళు.

"ఎందుకే మాటాడవు?" అని అడిగితే, "నాకు అర్తమవుద్ది పెద్దమ్మా. నోటికే రాదు. వొచ్చినా తప్పొచ్చీస్తాది. అందరూ నవ్వుతారు" అంది. ఆ మాత్రం చెప్పడానికే చెమటలు పట్టాయి దానికి.

నేను మానేస్తానన్న రోజున శంకరం మాట కూడా ఇదే. అప్పటికి అతనూ జుట్టు నెరిసి ఊ శంకర్ అయ్యాడు. "కౌంటర్ తీసీసి ప్రిజ్జులెట్టీస్తాను అప్పా. డబ్బాలమ్ముకుంటే కరెంటు పోనా బయం లేదు."

"గౌరి ఉంది కదా?"

"ఆ గుంట మాటాడదు. సోడా ఎవులైనా పోస్తారు. కౌంటర్లో ఉన్నోలు మాటాడాల. మనోల్లు నీ మాటల కోసవే వొస్తన్నారు గానీ ప్లోటు కోసవేటి?"

అందులో నిజం లేకపోలేదు. అందుకే ఒళ్ళు మండింది. చాలాసేపు వాదించాను. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఉగాదికి మనవాళ్ళందరూ తెలుగు సంఘం హాలులో కలుస్తారు. అక్కడ గౌరి స్టాల్ పెట్టాలి. పెద్దవాళ్ళు ఆ పిల్లను అడిగి మరీ తాగితే కౌంటర్ ఉంటుంది, గౌరి ఉంటుంది. లేకపోతే మర్నాడే ఫ్రిజ్‌లు దిగుతాయి. నేను మంచు మోయవచ్చు గానీ గ్లాసు ముట్టుకోకూడదు.

ఉగాది పూట కొండి

ఉగాది సభలో బోర్డు తెలుగులో ఉంటే పెద్దవాళ్ళు సంతోషిస్తారు. ఆ సంగతి గౌరికి తెలుసు. నన్ను ఆశ్చర్యపరుద్దామని నాతో చెప్పకుండా తానే రాసింది. ఆదివారం తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలు ఎలాగో కూడగట్టుకుంది. ఫ్లోట్ అంటే తెలుగులో ఏమిటి? పడవ తేల్తాది అని ఇంట్లో విన్నది. ముద్ద తేలాల అని నా దగ్గర విన్నది. ఇంగ్లీషులో తేలడానికీ పానీయానికీ ఒకటే మాట కదా, తెలుగులోనూ అంతేనని తేల్చుకుంది. పెద్ద పెద్ద అక్షరాలతో 'తేలు సోడా' అని రాసింది. కింద 'చల్లని తేలు, రుచిగల తేలు' అని కూడా చేర్చింది.

మీరు నవ్వుతారని తెలుసు. కానీ ఆలోచించండి. నాలుగో అంతస్తు ఫ్లాటులో పుట్టి పెరిగిన పిల్లకు తేలు ఎక్కడ కనిపిస్తుంది? పుస్తకంలో చూసి ఉంటే బడిలో చూసింది, బర్మా పేరుతో చూసింది. తేలు అనే పురుగుకు తెలుగులో పేరుంటుందని దానికి ఎవరూ చెప్పలేదు.

అక్షరాలతో ఊరుకున్నా బాగుండేది. పక్కన బొమ్మ కూడా వేసింది. గుండ్రటి ఐస్‌క్రీమ్ ముద్ద, దాని ముందుకు వంగిన రెండు స్ట్రాలు, వెనకనుంచి పైకి లేచి ఒంపు తిరిగిన పొడుగు చెంచా. ముందుకు రెండు డెక్కలు, వెనక ఒక కొండి. అంతకన్నా బాగా తేలును ఎవరూ గీయలేరు.

నేను రిక్షాలో మంచు దిమ్మలతో హాలుకు చేరేసరికి స్టాల్ ముందు జనం. ఒక్కరూ తాగడం లేదు. అందరూ నవ్వుతున్నారు.

"ఏటిది, ఉగాది పూట తేలు సోడా అట!"

"బొమ్మ సూడ్రా, కొండి కూడా ఎట్టింది!"

"పచ్చడి తిన్నాక ఇదే తాగాలేటి? ఏడాదంతా మంటే!"

గౌరి బిక్కచచ్చిపోయి నా వైపు చూసింది. "పెద్దమ్మా, ఏటయ్యింది?" నేను దాని చెవిలో ఆ పురుగు బర్మా పేరు చెప్పాను. అంతే, దాని మొహం రంగు మారిపోయింది. ఇంతలో శంకరం జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "పరువు తీసీసింది! ముందా బోర్డు దింపండి, స్టాల్ మూసీండి" అన్నాడు. గౌరి రెండు చేతులూ బోర్డు మీద వేసింది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక కౌంటర్ పోయినట్టే, ఈ పిల్ల తెలుగువాళ్ళ ఎదుట ఇంకెప్పుడూ నోరు విప్పదు అనుకున్నాను.

ముందు వరసలో సింహాచలం మామ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. మనవాళ్ళలో అందరికన్నా పెద్దావిడ. ఆవిడ మెడ చాచి, "ఓలమ్మా గుంటా, నీ తేలు కుడతాదేటి?" అని అడిగింది.

నవ్వులు ఆగాయి. గౌరి ఏమంటుందోనని అందరూ చూస్తున్నారు. ఎప్పటిలాగే తల ఊపి ఊరుకుంటుందనుకున్నాను. అది బోర్డు మీదినుంచి చేతులు తీసింది. గొంతు సవరించుకుంది.

"కుడతాది మామ్మా" అంది. తరవాతి మాట దానికి దొరకలేదు. ముక్కు అన్న మాట మర్చిపోయినట్టుంది. చేతిలోని పొడుగు చెంచా ఎత్తి, తన ముక్కు మీద ఆనించుకుని, "ఇక్కడ కుడతాది. కాసుకో!" అంది.

హాలు గొల్లుమంది. కానీ ఈసారి నవ్వు వేరు. గౌరి చేతులు వాటంతటవే పనిలోకి దిగాయి. చల్లటి గ్లాసు తీసింది. అడుగున సుగంధి పాకం పోసి, కాస్త ఐస్‌క్రీమ్ మెదిపి, గ్లాసు వంచి సోడా పోసింది. పైన ముద్ద పెట్టింది. నురుగు అంచు దాకా లేచి, ఒలకకుండా అక్కడే ఆగింది. మామ్మ స్ట్రా పక్కన పడేసి గ్లాసు ఎత్తి ఒక్క గుక్క తాగింది. గ్యాసు ముక్కుకెక్కింది. కళ్ళు మూసుకుంది, ముక్కు పట్టుకుంది, రెండు కాళ్ళూ నేలకేసి కొట్టింది.

"కుట్టీసిందిరో నాయనా!" అని కేక పెట్టింది. మూతి నిండా నురుగు. "ఇంకోటి తే!"

ఆ తరవాత ఆపడం ఎవరి తరం? "నాకో తేలు", "మాకు రెండు తేళ్ళు", "మా ఆవిడకి పెద్ద తేలియ్యి, ఆవిడకి ఇసం అలవాటే" అంటూ ఎగబడ్డారు. ఆ ఆవిడ పక్కనే ఉండి మొగుడి వీపు మీద ఒకటి వేసింది. గౌరి ఎవరికీ బాకీ పెట్టలేదు. "మీకు ఆరెంజి తేలా, సుగంది తేలా తాతా?" అంటోంది. "ఆగండి, తేలు పొంగుతంది" అంటోంది. ఒకాయన "ఓలమ్మా, నాది కుట్టలేదు" అంటే, "మీ ముక్కు పనిసెయ్యట్లేదు" అంది. ముక్కు అన్న మాట ఎప్పుడు దొరికిందో ఏమో. తప్పులు వస్తూనే ఉన్నాయి, జనం నవ్వుతూనే ఉన్నారు, తాగుతూనే ఉన్నారు. నవ్విన నాపచేనే పండడం నా కళ్ళతో చూశాను.

మంచు కోసం స్టాల్ వెనక్కి వెళ్ళాను. అక్కడ గోడ వైపు తిరిగి శంకరం నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు, మీసానికి ఐస్‌క్రీమ్. నన్ను చూసి గ్లాసు వీపు వెనక్కి పెట్టుకున్నాడు. తేలు కుట్టిన దొంగ అన్న మాట పుట్టినప్పటినుంచీ అంత సరిగ్గా ఎవరికీ అతికి ఉండదు.

"రుసి సూసినాను అప్పా, అంతే" అన్నాడు.

"కుట్టిందా బాబూ?"

"కుట్టింది."

"మరి కౌంటర్?"

మీసం తుడుచుకుని స్టాల్ వైపు చూశాడు. గౌరి గొంతు హాలంతా వినిపిస్తోంది. "ఉంటాది. ఆ గుంట మాటాడదన్నాను కదేటి? ఇప్పుడు ఆపడం ఎలాగో నువ్వే సెప్పు" అన్నాడు.

కౌంటర్ ఇవతల

మొన్న చాలా రోజుల తరవాత షాపుకు వెళ్ళాను. అలవాటు ప్రకారం కౌంటర్ తలుపు తీయబోతే గౌరి అడ్డం వచ్చింది. "అక్కడ కూకో పెద్దమ్మా, తెస్తాను" అని మూల టేబుల్ చూపించింది. అంతకాలం పనిచేసిన చోట కస్టమర్‌గా కూర్చోవడం మొదట కాస్త బాధగానే ఉంది. గ్లాసు వచ్చింది. నురుగు బతికే ఉంది. బాధ పోయింది.

బయట బోర్డు మీద బర్మా అక్షరాల కింద తెలుగులో తేలు సోడా అని ఉంది. శంకరమే రాయించాడు, బొమ్మతో సహా. సంచౌంగ్ వైపునుంచి కాలేజీ పిల్లలు గుంపుగా వచ్చారు. అందరూ బర్మా పిల్లలే. కౌంటర్ దగ్గరికి వెళ్ళి "తేలు తఖ్వే" అన్నారు, ఒక గ్లాసు తేలు అని. ఒకడు రెండన్నాడు, ఒకడు మూడన్నాడు.

నాకు ఒళ్ళు పులకరించింది. మా తాతల కాలం నుంచి మనం ఈ ఊరి మాటలు ఎన్ని తెచ్చుకున్నామో లెక్కలేదు. కూరకూ, కొట్టుకూ, పలకరింపుకూ వాళ్ళ మాటే. తిరిగి మన మాట ఒకటి వాళ్ళ నోట పలకగా నేను వినడం అదే మొదటిసారి. ఎంచి ఎంచి తప్పు మాటే ఇచ్చాం. ఇస్తే ఇచ్చాం లెండి.

గుంపులో ఒక అమ్మాయి, బుగ్గలకు గంధం లాంటి పూత రాసుకున్న పిల్ల, గ్లాసు అందుకుంటూ తేలు అన్నది ఏ దేశం మాట అని అడిగింది. అమెరికా మాటా అంది. ఒకప్పుడైతే గౌరి నవ్వి తల ఊపేది. సోడా పోస్తున్న చెయ్యి ఆపకుండా, బర్మాలోనే, షాపులో అందరికీ వినపడేలా జవాబు చెప్పింది.

"కాదు. అది మా మాట."

ఆ అమ్మాయి సరేనని స్ట్రా నోట పెట్టుకుని గట్టిగా పీల్చింది. వెంటనే ముక్కు పట్టుకుని ఎగిరింది. వెనకనున్న పిల్లలందరూ ఒక్కసారిగా "తేలు! తేలు!" అని అరిచారు.